చెట్టు దాహము – మన న్యాయము

ప్రకాశము జిల్లా మెట్టపొలములలో సుబాబుల్, జామాయిల్ తోటలు హెచ్చిన కొలది వానిపై నొక నిందయు హెచ్చినది. ఆ చెట్లు తన బావి నీటిని త్రాగివేయుచున్నవని ప్రక్కపొలమున మిరప, పత్తి సాగుచేయు రైతు వాపోవును. కాదని తోట యజమాని వాదించును. చెట్టు నోరులేనిది, తన పక్షమున సాక్ష్యము చెప్పజాలదు. నోరులేనిదానిపై నేరము మోపుటకు ముందు మన విధి యేమి? నిజము తెలిసికొన్న పిమ్మట మన విధి యేమి? ఈ రెండు ప్రశ్నలను పాఠకులతో గూడి విచారింపదలచితిమి.

మొదటిదానికి శాస్త్ర మొక మార్గము చూపినది. కాగిన గరిటె నిలువనీటిలో కంటె పారునీటిలో త్వరగా చల్లారును. ఈ వంటయింటి సత్యమే దానికి మూలము. 1932లో శాస్త్రజ్ఞుడు బ్రూనో హూబర్, కాండమున కొక్కచోట క్షణకాలము వేడి తగిలించి, ఆ వేడి రసముతో పైకి పోవు వేగమును కనిపెట్టెను. 1985లో ఫ్రాన్సు దేశీయుడు ఆంద్రే గ్రానియే రెండు సూదుల పద్ధతిని ప్రకటించెను. కాండమున ఒకదానిపై నొకటిగా రెండు సూదులు గ్రుచ్చుదురు. పైదానిని ఎడతెగక వేడిచేయుదురు, క్రిందిదానిని చేయరు. రాత్రివేళ రసము నిలిచియుండగా రెండింటి ఉష్ణభేద మధికము. ప్రొద్దెక్కి ఆకులు తేమను విడువగానే, పైకి ప్రాకు రసము వేడిని కొనిపోవును, భేదము తగ్గును. ఆ తగ్గుదలనుండి చెట్టు త్రాగిన నీటిని లెక్కింతురు. పత్తివంటి సన్నని కాడను గ్రుచ్చక, దాని చుట్టు వేడిపట్టీ కట్టి కొలుతురు.

అయినను ఈ కొలతకు దోషములు లేకపోలేదు. సూది గ్రుచ్చుటయే గాయము. గాయము చుట్టు నాళములు మూసికొనిపోగా నిజముకంటె తక్కువ లెక్క వచ్చును. రాత్రి ప్రవాహము లేదనుకొందుము. పొడిగాలికి చెట్టు రాత్రియు త్రాగెనా, లెక్క మరల తగ్గును. ఒక్క చెట్టును కొలిచి తోట కంతటికి తీర్పు చెప్పరాదు. కావున కొలుచువాడు వినయము గలవాడై యుండవలెను. కొలువకయే నిందించువానికి ఆ వినయము మరింత యవసరము.

ఇక రెండవ ప్రశ్న. చెట్టు దినమున నెంత త్రాగెనో సూది చెప్పును. ఆ త్రాగుట తగునో తగదో చెప్పదు. చెట్టు తనంతట తాను బారులుతీరి మొలవలేదు, మనము నాటితిమి. సుబాబుల్ తోటకు కొద్దిమంది కూలీలు చాలుదురు; కర్రను కాగితపు మిల్లులు కొనును. పొలమును విడిచి పట్టణమున కాపురముండువారికి అది యనుకూలము. ఈ పుటలు చదువు మీలోను, వ్రాయు మాలోను అట్టివారు కలరు. కర్ర సొమ్ము చేతికి వచ్చునపుడు ప్రక్కబావి లోతు మనకు కనబడదు. అట్లే చెట్టును నిందించు రైతును, తన బోరు దినమున కెన్ని గంటలు నీరు తోడుచున్నదో చెప్పవలెను.

ఈ జిల్లాలోనే దీనికొక దృష్టాంతము కలదు. ఈ శతాబ్దపు మొదటి దశకమున, ప్రకాశముతో గూడ ఏడు జిల్లాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భజలమును కాచుకొను పథక మొకటి నడచినది. స్త్రీలును పురుషులును తమ యూరి వానను, బావుల నీటిమట్టమును తామే కొలిచి వ్రాసికొనిరి. రబీకి ముందు సభ కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసిన దెంత యని లెక్క కట్టిరి. ఫలానా పంటయే వేయుమని యెవరును ఆజ్ఞాపింపలేదు, జరిమానా లేదు. లెక్క నలుగురి యెదుట నుండుటచేత పలువురు నీరెక్కువ కోరు పంటలను తగ్గించుకొనిరి.

నిపుణుని పుస్తకములో నున్నంతకాలము కొలత యొక వార్త మాత్రమే. పొరుగువారి నడుమ నుంచినపుడే అది బాధ్యత యగును. కావున తోటలు గలవారు ఈ వేసవిలో నొకసారి స్వయముగా పొలమునకు పోయి, ప్రక్కరైతు నడిగి, అతని బావిలో తాడు వేసి, నీరెంత లోతున నున్నదో వ్రాసికొని రావలెనని మా ప్రార్థన. తోటను ఉంచుటయా, వరుసలను ఎడము చేయుటయా, మానుటయా యనునది అతనితో కూర్చుండియే నిర్ణయించుకొనవచ్చును.