పయనానికి ముందు పెండ్లి



వానలు లేక శనక్కాయ పంట ఎండినప్పుడు మన అనంతపురం పల్లెల్లో మగబిడ్డలు మిలిటరీ వైపు చూస్తారు. అది గౌరవమైన దారే. కాని "నేను పోయేలోగా, ఇంట్లో తెలియకుండా మా పెండ్లి చేయండి ఫాదర్" అని మైనరు బిడ్డలు అడిగితే గురువు ఏమి చేయాలి?

దేశ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏండ్లు నిండాలి. 2022లో మొదలైన అగ్నివీర్ పథకంలో పదిహేడున్నర ఏండ్లకే చేరవచ్చు. అయితే 18 నిండనివారికి తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆ నాలుగేండ్లు పెండ్లి చేసుకోరాదు. తల్లిదండ్రులకు తెలియకుండా మైనర్ల వివాహం జరిపించాలంటే మేత్రాణుల అనుమతి ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతోంది. కొలువుకే ఇంటివారి సంతకం కావలసినప్పుడు, జీవితాంతపు ప్రమాణానికి వారి ఆశీస్సు వద్దా?

తోబియా దూరప్రయాణంలోనే సారాను పెండ్లాడాడు. అయినా ఆమె తండ్రి రగూవేలు స్వయంగా బిడ్డ చేయి పట్టి అప్పగించాడు. అది దొంగచాటు పెండ్లి కాదు.

తల్లిదండ్రులారా, బిడ్డ మనసు విప్పితే చేయి ఎత్తకండి. భయమున్న ఇంట్లోనే రహస్యం పుడుతుంది. వివాహాన్ని నిలిపేది వధూవరుల సమ్మతే. మీ కోపం దానికి బదులు కాదు.

బిడ్డలారా, నిజమైన ప్రేమ నాలుగేండ్లు ఆగగలదు. ఈ సాయంత్రం జపమాల ముగిశాక ఆ మాట ఇంట్లోనే ఎత్తండి.