మింగని మాత్రలు

"నేను మింగని మాత్రలకి డబ్బెందుకు కట్టాలి, నువ్వే చెప్పు!" న్యూజెర్సీ నుంచి ఫోన్లో మా పెద్ద వదినగారి కోపం.

అమెరికాలో అరవై అయిదేళ్ళు నిండినవాళ్ళకి మెడికేర్ అని ప్రభుత్వ వైద్యబీమా ఉంది. ఇంట్లో వాడుకునే మందులకి మాత్రం 2006 నుంచి పార్ట్ డి అని వేరే పద్దు. వదినగారు అందులో చేరలేదు. ఒంట్లో నలత లేదు మరి! జరిమానా సంగతీ తెలియదు. మూడేళ్ళకి షుగరొచ్చింది. వేరే మందుల బీమా లేకుండా గడిపిన ప్రతి నెలకీ, దేశం మొత్తానికి లెక్కగట్టిన మూల ప్రీమియంలో ఒక్కో శాతం. మొత్తం 36 శాతం అదనం, నెలనెలా, ఆ బీమా ఉన్నన్నాళ్ళూ!

అన్యాయమే అనిపించింది. కానీ అందరూ జబ్బు చేశాకే చేరితే డబ్బు పోగయ్యేదెలా? 2026లో, పథకంలో ఉన్న మందులకి ఏడాదిలో 2,100 డాలర్లు పెట్టుకున్న రోగి ఆపైన పైసా ఇవ్వక్కర్లేదు. ఆ మిగతా ఖర్చులో మాత్ర మింగనివాళ్ళ వాటా కూడా ఉంది. మన పెళ్ళిళ్ళలో చదివింపుల్లాగే. నలుగురికీ చదివిస్తేనే కదా, మనింటి పెళ్ళికి నలుగురూ చదివించేది!

అయితే కావాలని ఎగ్గొట్టినవాళ్ళూ, తెలియక ఊరుకున్నవాళ్ళూ ఒకటేనా? చదివింపుల పుస్తకంలో ఎవరి పేరైనా కనబడకపోతే మా అమ్మ, "పోన్లే, మర్చిపోయుంటారు" అనేది. చట్టం నోట ఆ మాట అంత సులువుగా రాదు.