నిషేధమును విశ్వసమితియు

సమితుల లెక్కలు అభ్యసించు బాలుడు సమ్మేళనమునందు గాని ఛేదనమునందు గాని అంతగా తడబడడు. రెండు రాసులను కూడబెట్టుటయు, రెంటికిని ఉమ్మడియైన వానిని ఏరుటయు లోకవ్యవహారమున అతడెరిగినవే. చిక్కంతయు పూరకసమితి కడ వచ్చును. 1 మొదలు 10 వరకు గల సంఖ్యలే విశ్వసమితియైనచో సరిసంఖ్యల పూరకమున ఐదు బేసిసంఖ్యలుండును. విశ్వసమితి 20 వరకు పెరిగినచో పది యుండును. అతని చేతిలోని కలము కూడ సరిసంఖ్య కానిదే గదా, అది యేల పూరకమున చేరదనగా, విశ్వసమితిలో దానికి తావు లేకపోవుట చేతనే. "కాదు" అను మాట ఎంతవరకు వ్యాపించునో ముందుగా గిరి గీయక పూరకము వ్రాయబూనిన వాని శ్రమ వ్యర్థమగును.

ఈ చిన్న నియమము బృహదారణ్యకోపనిషత్తునందలి "నేతి నేతి" యను ఆదేశము విషయమున నన్ను చిరకాలము కలతపెట్టినది. ద్వితీయాధ్యాయము తృతీయబ్రాహ్మణమున, ఆ ఆదేశమునకు పూర్వమే, బ్రహ్మమునకు మూర్తామూర్తములను రెండు రూపములు చెప్పబడినవి: బాహ్యప్రపంచమున వాయ్వంతరిక్షములు అమూర్తము, తక్కినదెల్ల మూర్తము. గణితభాషలో ఇవి ఒకదానికొకటి పూరకములు. వీని ఛేదనము శూన్యము, సమ్మేళనము సమస్తము. రెండు నిషేధములలో మొదటిది మూర్తమును, రెండవది అమూర్తమును నిరసించుననుట శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున చూపిన వ్యాఖ్యలలో నొకటి. 1806లో తమిళదేశపు మధురలో జన్మించిన డిమోర్గాన్ పేర వెలయు న్యాయము, రెండు సమితుల సమ్మేళనము యొక్క పూరకము ఆ సమితుల పూరకముల ఛేదనమే యనును. దానినిచ్చట అన్వయించి చూడుడు. మూర్తము కానిది అమూర్తము. అమూర్తము కానిది మూర్తము. ఆ రెంటి ఛేదనము శూన్యసమితి! అట్లయిన శ్రుతిమాత జిజ్ఞాసువును చేయిపట్టి నడిపించి తుదకు శూన్యమున విడిచినదా?

బ్రహ్మసూత్రకారులైన బాదరాయణుల సమాధానము 3-2-22వ సూత్రమున గలదు. ప్రకృతమైన "ఇంతమాత్రమే" యను ఇయత్తను మాత్రమే శ్రుతి నిషేధించుచున్నదని వారి నిర్ణయము. గణితాభ్యాసి కన్నులతో చూచినపుడు దీని లోతు నాకు మరింత తెలియవచ్చినది: విశ్వసమితి లోపల పూరకము తీసినంతనే "నేతి" ముగియదు, నీవు గీచిన గిరియే సమస్తమని భ్రమింపకుమని అది ఆ గిరినే ప్రశ్నించును. సమితిశాస్త్రమునకు ఆద్యుడైన కాంటర్ మహాశయుడును వేరొక త్రోవను ఇట్టి అంచునకు చేరెను. మూడు మూలకములు గల సమితికి ఎనిమిది ఉపసమితులున్నట్లే, ఏ సమితికైనను, అది అనంతమైనను సరే, దాని ఉపసమితుల సమితి అంతకంటె పెద్దదని 1891లో అతడు చూపిన యుక్తి వలన తేలును. కావున సర్వమును ఇముడ్చుకొన్న తుదిసమితి యుండజాలదు. ఏ సంఖ్యకును లొంగని కేవలానంత్యమును అతడు ఈశ్వరునియందే నిలిపెను. కాంటర్ వేదాంతి యని గాని, ఋషులు సమితిశాస్త్రమెరుగుదురని గాని నేననను. అట్టి పొత్తు ఉభయశాస్త్రములకును అపచారము. నేతివాక్యమునకు శూన్యమే అర్థమనువారు మాత్రము, తమకు తెలియకయే, తామెరిగిన ప్రపంచమును విశ్వసమితిగా నంగీకరించి లెక్క చేయుచున్నారని నిస్సంశయముగా చెప్పుదును.

ఉపనిషత్తు ఆ నిషేధము కడ ఆగలేదు. ప్రాణములు సత్యము, బ్రహ్మము వానికిని సత్యము అని వెంటనే ఒక నామమును ఉపదేశించినది. సూత్రకారులును తమ సూత్రపు తుదిభాగమున ఆ సంగతినే హేతువుగా చూపిరి.