తలుపు కింది నీళ్ళు

వచ్చిన నీళ్ళకూ నేను పడిన కంగారుకూ పొంతన లేదు. ఏప్రిల్ వానలకు మా బేస్‌మెంట్ వెనక తలుపు కింద నుంచి నీళ్ళు జారి, ఓ చాప మేర కార్పెట్ తడిసింది. ఒహాయో రాష్ట్రంలో డబ్లిన్ లాంటి ఊళ్ళో ఇది చాలా ఇళ్ళలో ఉన్న సంగతే. తుడిచి, ఫ్యాన్ పెట్టి, శనివారం నాడు సీలెంట్ ట్యూబు తెచ్చుకుంటే సరిపోయే పని. నాకు మాత్రం ఆ రాత్రి కన్ను మూతపడలేదు. ఎందుకు పడలేదని తలుపు బాగుచేసినన్నాళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఆ గదిలో అమ్మ ఉంటోంది.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచినప్పుడు అమ్మ సింగ్‌నగర్‌లో ఒక్కతే ఉంది. మైలవరం కొండల వైపు పుట్టి కొల్లేటికి పోయే వాగు అది. వెలగలేరు దగ్గర దాని వరదను మళ్ళించి కృష్ణలో కలపడానికి కాలువ ఉంది. కానీ ఆ రెండు రోజుల్లో కృష్ణకే చోటు లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అంతకు ముందెప్పుడూ నమోదు కానంత. మళ్ళింపు కాలువకు గండ్లు పడి నీళ్ళన్నీ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేటల మీద పడ్డాయి. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, "వీధిలోకి నీళ్ళొస్తున్నాయిరా, ఇంట్లోకి వస్తాయంటావా?" అని అమ్మ అడిగింది. "రావులేమ్మా, పడుకో" అన్నాను. ఎనిమిదివేల మైళ్ళ అవతల కూర్చున్నవాడికి ఏం తెలుసని ఆ మాట అన్నానో, ఇప్పటికీ నాకు తెలియదు.

తెల్లారేసరికి మోకాలి లోతు. పక్కింటివాళ్ళు అమ్మను పట్టుకుని తమ డాబా పైవాటాకు ఎక్కించారు. తర్వాత ఆమె ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. డ్రోన్లతో అన్నం పొట్లాలు దించుతున్న ఆ రోజుల్లో నేను ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి, తెలుగు చానళ్ళలో కనబడిన ప్రతి పడవలోనూ అమ్మ ముఖం వెతుక్కున్నాను. నీళ్ళు తీశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళలో బురద కడిగాయి. బీరువాలో చీరలు, పెళ్ళి ఆల్బమ్, ఆ ఏటి ఆవకాయ పోయాయి. ఇవన్నీ నేను ఫోన్‌లో విన్నవే. చలికాలం రాకముందే అమ్మను ఇక్కడికి తీసుకొచ్చేశాను.

ఆమెకు బేస్‌మెంట్ గది ఎందుకు ఇచ్చానని ఎవరూ అడగలేదు. నేనే చెప్పాలి. విడిగా బాత్రూమ్ ఉందనీ, తలుపు తీస్తే పెరడేననీ, గోంగూర వేసుకోవచ్చనీ అమ్మతో అన్నాను. అవన్నీ నిజాలే. పైన పిల్లలకు తలో గది ఉందన్నదీ నిజమే, దాన్ని పైకి అనలేదు. ఊరు మునిగి వచ్చిన మనిషికి ఇంట్లో అన్నిటికంటే పల్లంలో ఉన్న గది దక్కింది.

ఆ ఏప్రిల్ రాత్రి నేను దిగేసరికి అమ్మ సూట్‌కేసునూ, మందుల డబ్బానూ, నాన్న ఫోటోనూ మంచం మీదికి ఎత్తేసి పక్కనే నిలబడి ఉంది. కేకలేమీ లేవు. "ఇక్కడ ఎంత ఎత్తు దాకా వస్తాయిరా?" అని మాత్రం అడిగింది. నా నోటికి అదే మాట వచ్చింది. "రావులేమ్మా."

మర్నాటి నుంచి ఆ తలుపు మీద పడ్డాను. విప్పి చూస్తే ద్వారబంధం కాళ్ళు రెండూ కుళ్ళి ఉన్నాయి, స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగింది. గడప కింద చెక్క నల్లబడింది. తలుపు అడుగున రబ్బరు ఎండి ముక్కలైపోయింది. అయితే నీళ్ళకు తలుపు దారి మాత్రమే, మూలం కాదు. ఇక్కడ చలికి నేల దాదాపు మూడడుగుల లోతు దాకా గడ్డకట్టగలదు కాబట్టి పునాది అంతకంటే కిందికి పోవాలి. ఎలాగూ తవ్వుతున్నారు కదా అని ఇంకాస్త తవ్వి గది చేసుకుంటారు. గోడ కట్టాక చుట్టూ తిరిగి పూడ్చిన మట్టి ఏళ్ళ తరబడి కుంగుతుంది. దాని మీద పోసిన సిమెంటు పలక ఇంటి వైపే వాలుతుంది. ఎప్పుడో హిమనదాలు వదిలిపోయిన బంకమట్టి నేల ఇది, నీళ్ళు త్వరగా ఇంకవు. గోడ నుంచి మొదటి పదడుగుల్లో నేల ఆరంగుళాలైనా పల్లానికి దిగాలని ఇక్కడి నిర్మాణ నియమం. మా పెరటి పలక ఎదురు వాలులో ఉంది. పైగా కప్పు నీళ్ళు దించే గొట్టం సరిగ్గా ఆ పలక అంచునే ఆగిపోయింది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే రెండువేల మూడువందల లీటర్ల పైచిలుకు నీళ్ళు. అవన్నీ అమ్మ గుమ్మానికి చేరుతున్నాయి.

ఇంత తెలిశాక కూడా నా మనసు తలుపు దగ్గరే ఉండిపోయింది. గడపను జానెడు ఎత్తు లేపాలి, ప్రతి సందునూ సీలెంట్‌తో బిగించాలి. కొత్త గడప కింద సిల్ పాన్ అని ఒక పళ్ళెం పెడతారు. లోపలి వైపూ రెండు పక్కలా దాని అంచు లేచి ఉంటుంది, వాలు బయటికి ఉంటుంది. బయటి అంచున మాత్రం సీలెంట్ వేయకూడదు. ఎంత బాగా బిగించినా కాసిని నీళ్ళు లోనికి దూరతాయి, అవి తిరిగి పోవడానికి ఆ అంచు తెరిచి ఉండాలి. ఆ సంగతి బాగా తెలిసే, సీలెంట్ గన్ పట్టుకుని ఆ అంచు దగ్గరే చాలాసేపు కూర్చున్నాను. దాన్నీ మూసేయాలని చెయ్యి లాగింది. అప్పటికి వెనక నిలబడి చూస్తున్న అమ్మ, కొత్త గడప కోసం నేను గోడ మీద గీసిన గుర్తు చూసి, "అంత ఎత్తా? నా మోకాళ్ళతో అది దాటి గోంగూర దగ్గరికి ఎట్లా పోనురా?" అంది.

నేను గీసిన గీత ఈ పెరటి నీళ్ళ ఎత్తు చూసి గీసింది కాదు. మా పెరడు ఇంకో ఇరవై అడుగులు పోతే పల్లానికే దిగుతుంది, ఇక్కడ జానెడు నీళ్ళు నిలబడే అవకాశమే లేదు. నేను ఆనకట్ట కడుతున్నది బుడమేరుకు. ఆ రాత్రి "రావులే" అన్న మాటను నిజం చేయాలని, అది కూడా ఆలస్యంగా, ఇంకో ఊళ్ళో, ఇంకో తలుపు దగ్గర. ఈ తాపత్రయంలో అమ్మ దాటలేని గడప కట్టబోయాను.

గీత చెరిపేశాను. గడప పాత ఎత్తులోనే ఉంచి, ద్వారబంధం అడుగు భాగాలు కుళ్ళని పీవీసీవి వేశాను. పాన్ బయటి అంచు తెరిచే ఉంది. పలకను పగలగొట్టించి, వాలు పెరటి వైపు ఉండేలా మళ్ళీ పోయించాను. గుమ్మం ముందు అడ్డంగా జాలీ మూతతో కాలువ, దాని నుంచి పల్లానికి గొట్టం. కప్పు గొట్టాన్ని కూడా అటే పొడిగించాను. మే నెల వానల్లో జాలీ మీదుగా నీళ్ళు గలగలా పోతుంటే అమ్మ కుర్చీ వేసుకుని చూసింది.

ఆమెకు ధైర్యం చెబుదామని ఈ ఊరి నది కథ చెప్పాను. డబ్లిన్ మధ్యగా పారే సయోటో నదే దక్షిణంగా కొలంబస్‌కు పోతుంది. 1913 మార్చిలో అక్కడి పడమటి ఒడ్డున ఫ్రాంక్లిన్టన్ పేటను ముంచేసింది, పదుల మంది చనిపోయారు. పేటను కాచే వరద గోడ 2004కు గానీ పూర్తికాలేదు. ఇంత గొప్ప దేశంలోనూ అంతకాలం పట్టిందని చెప్పడం నా ఉద్దేశం. అమ్మ ఇంకోటి పట్టుకుంది.

"అన్నేళ్ళూ ఆ జనం అక్కడే ఉన్నారా?"

"ఉన్నారు."

"మరి నన్నెందుకురా ఇక్కడే ఉండిపొమ్మంటావు?"

జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆమె సుఖం కోసమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కళ్ళ ముందు ఉంటే నాకు నిద్ర పడుతుంది, అసలు కారణం అంతే. సింగ్‌నగర్‌లో ఆమెను చెయ్యి పట్టి మెట్లెక్కించినవాళ్ళు ఉన్నారు. ఇక్కడ పగలంతా ఆమెకు మేమెవరమూ ఉండం. అదే అన్నాను, దాచుకోకుండా. అమ్మ కోప్పడలేదు. పక్కింటి పైవాటా ఖాళీ అయిందనీ, అద్దెకు తీసుకుని, కింద ఉన్న తన ఇల్లు వానలయ్యాక చూసుకోవచ్చనీ తన దగ్గర అప్పటికే ఆలోచన ఉంది.

"మెట్లున్నాయి కదమ్మా" అన్నాను.

"ఆ రోజు ఎక్కాను కదరా" అంది.

జూన్ మొదటి వారానికి ఇద్దరికీ టికెట్లు తీశాను. కింది ఇంట్లో స్విచ్‌బోర్డులు తల ఎత్తుకు మార్పించాలి, బీరువాలో మిగిలినవి పైకి చేర్చాలి. ఎలక్ట్రీషియన్‌తో అమ్మే మాట్లాడుతోంది.