ఉప్పుకొండలో కుండలు

అనగనగా ఒక చలిదేశంలో ఒక ఊరు ఉండేది. ఏడాదిలో సగం నెలలు అక్కడ మంచు కురిసేది. అడవి నరికి నరికి కట్టెలకు కరువొచ్చింది. అలాంటి రోజుల్లో ఆ ఊరి కమ్మరి ఎక్కడి నుంచో ఒక నల్లరాయి తెచ్చి కొలిమిలో వేశాడు. పొగ లేదు, మసి లేదు. పిడికెడు రాయి ఊరంతటినీ చలికాలం దాటించింది. ఊరివాళ్లు కమ్మరిని పిలిచి శాలువా కప్పారు. చలిదేశం గనక ఆ శాలువా అతనికి నిజంగానే పనికొచ్చింది.

రాయి కాలాక బూడిద మిగిలింది. దానికి వాసన లేదు, ముట్టుకుంటే మంట లేదు. కానీ ఎత్తిపోసిన కూలీల చేతులు కొన్నాళ్లకు పుండ్లు పడ్డాయి. పోసిన చోట గడ్డి మొలవలేదు. ఊరి వైద్యుడు ఏళ్ల తరబడి గమనించి, ఆ విషం మనవళ్ల మనవళ్ల కాలానికి కూడా చావదని తేల్చాడు. అప్పటికి కొలిమి ఆర్పుదామనే ధైర్యం ఎవరికీ లేదు, వెచ్చదనం అలవాటైపోయింది. బూడిదను కుండల్లోకెత్తి, మూతలు బిగించి కొలిమి వెనక దొడ్లో పేర్చారు. చూస్తుండగానే దొడ్డి నిండింది.

ఊరికి మూడు కోసుల దూరంలో ఒక ఉప్పుకొండ ఉంది. తాతల నాటి నుంచి అందులో సొరంగాలు తవ్వి ఉప్పు అమ్ముకున్నారు, ధర పడిపోయాక వదిలేశారు. ఊరిపెద్దలకు ఆ కొండ గుర్తొచ్చింది. వాళ్ల లెక్క సబబుగానే ఉంది. ఉప్పుకు నీరు తగిలితే కరిగిపోతుంది. ఇన్ని యుగాలుగా ఆ ఉప్పు అక్కడ నిలిచి ఉందంటే లోపలికి నీరు రాదన్నమాట. అంతకంటే పొడిచోటు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఉప్పు తవ్వి తవ్వి నడుం వంగిన ముసలివాడొకడు మాత్రం సభలో అడ్డం తగిలాడు. మనిషి చెయ్యి పడనంత కాలం ఆ మాట నిజమేననీ, తామే కొండను తొర్రలు తొర్రలుగా తవ్వేశామనీ, ఒక పక్కన గోడ పల్చబడేదాకా ఉప్పు తీశామనీ చెప్పాడు. పక్కనే ఉన్న పాత గొయ్యి తన తండ్రి కాలంలో నీళ్లొచ్చి మునిగిన సంగతీ గుర్తు చేశాడు. పెద్దలు ఓపికగా విన్నారు. అది ఆ గొయ్యి, ఇది ఈ గొయ్యి అని తేల్చి, ముసలివాడికి వేడి గంజి ఇప్పించి ఇంటికి పంపారు.

జనానికి కొండ గురించి బెంగ లేదు. వాళ్ల బెంగంతా దారి గురించే. కొలిమి నుంచి కొండకు పోయే బాట మూడు పల్లెల నడుమ నుంచి, ఒక పాత వంతెన మీదుగా పోతుంది. బండి బోల్తా పడితే ఏం గతి? దొంగలు కాచుకుంటే ఎవరు దిక్కు? పల్లెల ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి బాటకు అడ్డంగా కూర్చున్నారు. ఆ భయంలో న్యాయం ఉందని పెద్దలు కూడా ఒప్పుకున్నారు. కమ్మరి చేత జానెడు మందం ఇనుముతో ఒక పెట్టె చేయించారు. దాన్ని కోటబురుజు మీద నుంచి రాతిబండ మీదికి తోయించారు. చుట్టూ మంట పెట్టించారు. ఏట్లో ముంచి పగలంతా ఉంచారు. చాలదన్నట్టు, కొమ్ములు తిరిగిన ఎద్దుల్ని ఉసిగొల్పి గుద్దించారు. పెట్టెకు సొట్ట పడిందే గానీ మూత ఊడలేదు. ఇదంతా జనం ఎదుటే జరిగింది. తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చి చూశారు, మెచ్చుకున్నారు, బాట వదిలారు.

బండ్లు కదిలాయి. ప్రతి బండికీ ముందు పదిమంది, వెనక పదిమంది ఈటెలవాళ్లు నడిచారు. ఏళ్లు గడిచినా ఒక్క కుండ పగల్లేదు, ఒక్క చిటికెడు బూడిద రాలలేదు. సాయంత్రం బండి క్షేమంగా తిరిగొచ్చిందని ఊళ్లో గంట మోగించేవారు. ఆ గంట విన్నాకే తల్లులు పిల్లలకు బువ్వ పెట్టి నిద్రపుచ్చేవారు.

బండితో పాటు పెట్టె కూడా తిరిగొచ్చేది. అంత ఖరీదైన పెట్టెను కొండలో వదిలేస్తారా? మర్నాటి కుండకు అదే కావాలి. కొండ నోటి దగ్గర కుండను అందులోంచి తీసి, తాడు కట్టి లోపలికి దించేవారు. ఒక్క పూట ప్రయాణానికి జానెడు ఇనుము, వెయ్యేళ్ల కాపురానికి ఉత్త మట్టికుండ. ఈ సంగతి ఎవరూ దాచలేదు. ఎవరూ అడగలేదు కూడా.

లోపల మొదట్లో కుండల్ని నిలబెట్టి వరసలు కట్టారు. దానికి చాలాసేపు పట్టేది, పేర్చేవాళ్ల చేతులు పుండ్లు పడేవి. అందుకని పడుకోబెట్టి దొంతర్లు వేశారు. అదీ ఆలస్యమే అయింది. చివరికి ఏటవాలు మీద నుంచి దొర్లించి, పైన నాలుగు గంపల ఉప్పు పోసి వచ్చేసేవారు. ఆ పనివాళ్లను తప్పుపట్టలేం, ఎవరి చేతులు వాళ్లకు ముద్దు. ఏ కుండలో ఎంత బూడిద ఉందో రాసే లేఖరి మొదట రోజూ వచ్చేవాడు. తర్వాత ఎప్పుడో ఒకసారి వచ్చి ఉజ్జాయింపుగా రాసుకుపోయేవాడు. కొండ నిండాక నోటికి తలుపు బిగించారు. పెద్దలు మంచిరోజు చూసి విందు చేశారు. ముసలివాడు అప్పటికే కాలం చేశాడు.

పదేళ్ల తర్వాత ముసలివాడి మనవరాలు ఆ కొండకు కాపలా కాసేది. ఒకనాడు దీపం పట్టుకుని లోపలికి వెళితే, పల్చటి గోడ దగ్గర కాలికి తడి తగిలింది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. ఉప్పునీళ్లు. కింద ఒక ముంత పెట్టింది. సాయంత్రానికి ముంత నిండింది. మరుసటేడు రోజుకో బాన నిండింది, ఆపై పది బానలు. ఎన్ని నిండాయో బొగ్గుతో గోడ మీద గీతలు గీసుకుంటూ, నీళ్లు మోసుకొచ్చి బయట పారబోసింది. అది ఒక మనిషి వల్ల అయ్యే పని కాదని తెలిసి ఊళ్లోకి వెళ్లి చెప్పింది.

విందు చేసుకున్న పెద్దలు అప్పటికి ఎవరూ మిగల్లేదు. కొత్త పెద్దలు లేఖరి చిట్టాలు తిరగేశారు. ఎన్ని కుండలో తెలిసింది గానీ, వాటిలో ఏముందో సరిగ్గా తెలియలేదు. కొండను రాళ్లతో పూడ్చేయమన్నారు కొందరు. ఇంకా లోతుకు తవ్వి అందులోకి జార్చమన్నారు మరికొందరు. రోజుల తరబడి వాదించుకుని, కుండలన్నీ బయటకు తీయాల్సిందేనని తీర్మానించారు. పాత నోటి నుంచి తీయడం కుదరదు, కొత్త గొయ్యి తవ్వాలి. దొర్లినప్పుడు ఎన్ని పగిలాయో లోపలికి వెళితే గానీ తెలియదు. తీశాక ఎక్కడ పెట్టాలంటే ఏ ఊరూ ముందుకు రాలేదు. తాతలు గంట కొట్టి ముగించిన పనికి మనవళ్లు గునపాలు పట్టారు. ఇనుప పెట్టె మాత్రం, ఆ ఎద్దులు పెట్టిన సొట్ట తప్ప, చెక్కుచెదరకుండా కొలిమి దగ్గరే ఉంది.

కథ అయింది. నల్లరాయి కల్పితమే, ఉప్పుకొండ కాదు. జర్మనీలో లోయర్ శాక్సనీ రాష్ట్రంలో, వోల్ఫెన్‌బ్యూటెల్ పట్టణం దగ్గర ఆస్సె అనే కొండ ఉంది. అక్కడి రెండో గనిలో 1964 వరకు ఉప్పు తీశారు. 1967 నుంచి 1978 దాకా, పరిశోధన పేరుతో, సుమారు 1,26,000 పీపాల అణువ్యర్థాలు అందులోకి దించారు. మొదట పేర్చారు, తర్వాత దొర్లించారు. మధ్యస్థాయి రేడియోధార్మికత ఉన్న పీపాలు మందపాటి కవచాల్లో వచ్చి, గని లోపలి నిల్వ గదిలోకి మాత్రం కవచం లేకుండా దిగాయి. పక్కనున్న మొదటి గని 1906లోనే నీట మునిగింది. 1988 నుంచి రెండో గనిలోకీ ఉప్పునీరు వస్తోంది. ఏళ్లపాటు రోజుకు సుమారు 12 ఘనపు మీటర్ల చొప్పున పట్టి, కొలిచి, పైకి తోడారు. లోపల సుమారు 28 కిలోల ప్లుటోనియం ఉందనీ, అది అంతకుముందు చెప్పినదానికి దాదాపు మూడింతలనీ 2009లో బయటపడింది. ప్లుటోనియం-239 సగానికి తగ్గడానికే సుమారు 24,000 ఏళ్లు పడుతుంది. పీపాలు వెలికి తీయాలని 2013లో చట్టం చేశారు. 2033లో మొదలుపెట్టాలని ప్రణాళిక వేశారు.

పెట్టె పరీక్షలు కూడా కట్టుకథ కాదు. తీవ్రమైన అణువ్యర్థాలు మోసే పెట్టెలను 9 మీటర్ల ఎత్తు నుంచి చలించని గట్టి తలం మీద పడేయాలి, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచాలి, నీళ్లలో ముంచాలి అని అంతర్జాతీయ నియమాలున్నాయి. బ్రిటన్‌లో 1984లో అలాంటి పెట్టెను పట్టాల మీద అడ్డంగా పడేసి, గంటకు 160 కిలోమీటర్ల వేగంతో ఒక రైలును దాని మీదికి వదిలారు. ఇంజను నుజ్జయింది, పెట్టె నిలిచింది. కొండనూ అంత పట్టుదలతో పరీక్షించినవాళ్లు లేకపోలేదు. ఫిన్లాండ్ వాళ్లు ఒల్కిలువొటో దీవిలోని రాతిని ఏళ్ల తరబడి శోధించి, 2001లో పార్లమెంటు ఒప్పుకున్నాకే తవ్వకానికి దిగారు. 400 మీటర్లకు పైగా లోతులో, వాడేసిన ఇంధనాన్ని రాగి తొడుగులో బిగించి, చుట్టూ బెంటొనైట్ మట్టి దట్టించి, ఆ మూటను అలాగే ఉంచేయాలన్నది వాళ్ల పద్ధతి.

దారిలో తప్పు జరిగితే ఆ సాయంత్రానికే తెలుస్తుంది, తప్పు చేసినవాడు ఎదుటే దొరుకుతాడు, అందుకే దారి భద్రంగా ఉంటుంది. కొండలో జరిగిన తప్పు బయటపడేసరికి దించినవాళ్లు ఉండరు, జవాబు చెప్పాల్సింది అప్పటికి పుట్టనివాళ్లే. కాబట్టి బండి మా ఊరి మీదుగా వెళ్తుందా అని అడిగేవాళ్లు, పెట్టె తిరిగొచ్చాక కుండకు ఏం తోడు మిగులుతుందో, నీళ్లొస్తే దాన్ని ఎవరు, ఏ దారిన బయటకు తీస్తారో కూడా అదే సభలో అడగాలి.