బాంబు జ్ఞాపకము, బియ్యపు జ్ఞాపకము

తాతలు చూచినదానికి మనుమలు సాక్షులు కాగలరా? హుగ్లీనదికి ఆవలియొడ్డున, హౌరా దాటిన కొద్ది మైళ్లలోనే యున్న సంత్రాగాఛిలో నివసించు తెలుగు రైల్వే కుటుంబమునకు ఇది వట్టి పండితుల ప్రశ్న కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువునకై కోస్తా జిల్లాలనుండి తరలిపోయినవారి యింట 'జపాను బాంబులు' అను మాట తాతనుండి తండ్రికి, తండ్రినుండి కుమారునికి వచ్చిన ఆస్తి వంటిది.

1942 ఏప్రిల్ 6న, అనగా ఈస్టరు పండుగ మరునాడు, జపాను విమానములు విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను బాంబులు వేసెను. అదే యేట డిసెంబరు 20 రాత్రి కలకత్తా మీద తొలిసారి పడెను. వెంటనే జనము లక్షలుగా నగరమును విడిచిపోయెను. హౌరా స్టేషను క్రిక్కిరిసిపోయెను. అయితే తెలుగువాడు ఎటు పోవలెను? అతని యింటికి పోవు రైలు మార్గము వాల్తేరు మీదుగానే గదా!

ఇట్టి భయమును మోసిన కథలో, చెప్పగా చెప్పగా, రేవుల దగ్గర పడిన బాంబు పెరటిలోనికి జరిగి వచ్చుట వింత కాదు. దీపము లార్పిన చీకటిలో పిల్లలను పొదివిపట్టుకొని వినిన స్త్రీ దూరమును గజములతో కొలువలేదు. ఆమెది అబద్ధ సాక్ష్యము కాదు. మనుమని సంగతి వేరు. పటములు, పుస్తకములు, తీరికయు గలవాడు అతడు. "మా పెరటిలో పడెను" అనక, "మా అమ్మమ్మకు అట్లు వినబడెను" అని చెప్పుట అతని ధర్మము. అట్లనుట పెద్దలను తక్కువచేయుట యని కొందరు నొచ్చుకొందురు. ఆమె భయమును ఆమెదిగానే నిలుపు మాట మరి యింకొకటి లేదు.

అంతకంటె బరువైనది, కథలో లేనిది. 1943 డిసెంబరు 5, ఆదివారము, పట్టపగలు కిదిర్‌పూర్ రేవులపై దాడి జరిగెను. వందలాదిమంది చనిపోయిరి, వారిలో అనేకులు కూలివారు. వారి పక్షమున కథ చెప్పు మనుమ లెక్కడ? ఆ సంవత్సరమే బెంగాలు కరవు లక్షలమందిని మ్రింగెను. ముప్పదిలక్షల వరకు లెక్క చెప్పుదురు. బాంబుల తరువాత ప్రభుత్వము కలకత్తా వర్తకుల ధాన్యమును స్వాధీనము చేసికొని, యుద్ధమునకు అవసరమైన పనివారికి బియ్యము అందునట్లు చూచెను. రైల్వేవారు ఆ జాబితాలోనివారే. పల్లెలవారు దానిలో లేరు. వారు నగరపు వీధులలో గంజికై కేకలు వేయుచు తిరిగిరి.

బాంబు క్రింద నున్నవాడు నిరపరాధి. కావున ఆ జ్ఞాపకమును ఇల్లు ప్రేమతో కాపాడును. గంజి అడిగినవాడు గుమ్మమునకు ఆవల నుండెను, ఇంటివారు ఈవల నుండిరి. తిన్నది దోషమా? బిడ్డలకు అన్నము పెట్టిన తల్లిని ఎవడు దోషి యనగలడు? అయినను ఆ కేకను కథలోనుండి తీసివేయుట వేరొక సంగతి. దానికి ఆకలియు, భయమును సాకులు కావు.

1942లో పదేండ్ల ప్రాయము గలవారు నేడు తొంబది దాటినవారు. బాంబు ఎక్కడ పడినదని వారిని అడుగువారు కలరు. ఆ మరుసటి యేట ఇంటికి బియ్యము ఎక్కడనుండి వచ్చెనని, తలుపు దగ్గరకు ఎవరెవరు వచ్చిరని అడుగుటకు మిగిలిన దినములు కొద్ది.