హుండీకి తెర ఎందుకు?

శ్రీహరికోటలో రాకెట్ ఎగరబోయే ముందు ఇస్రో పెద్దలు దాని చిన్న నమూనాను తిరుమల తీసుకెళ్లి శ్రీవారి పాదాల చెంత పూజ చేయించడం, సూళ్లూరుపేట చెంగాళమ్మను దర్శించుకోవడం ఆనవాయితీ. చెంగాళమ్మది రేయింబవళ్లు తలుపు మూయని గుడి అని పేరు. అక్కణ్ణుంచి పులికాట్ సరస్సు మీది రోడ్డెక్కితే, ఆ చివర ఉన్న ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌లో అనుమతి లేనిదే ఎవరూ అడుగు పెట్టలేరు. అక్కడి నుంచే 2019 నవంబరు 27న వెళ్లిన కార్టోశాట్-3 ఉపగ్రహం, దాదాపు ఐదు వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి పాతిక సెంటీమీటర్ల వివరాన్ని కూడా పట్టగలదు. 2025 జులై 30న వెళ్లిన నిసార్ ఉపగ్రహపు రాడార్‌కు చీకటీ మబ్బూ అడ్డం కావు. మనిషి కూడా అన్నీ చూసే కన్ను సంపాదించుకుంటున్నాడు కాబట్టి పాత ప్రశ్న ఒకటి మళ్లీ ముందుకొచ్చింది. దేవుడు ఎటూ అంతా చూస్తూనే ఉన్నాడని నమ్మేవాడికి గోప్యతతో పనేమిటి? తప్పు చేయనివాడికి దాపరికమెందుకు?

దీనికి జవాబు శ్రీవారి హుండీలోనే ఉంది. చుట్టూ గుడ్డ, లోపల కొప్పెర. భక్తుడు చెయ్యి లోపలికి పెట్టి వదిలింది రూపాయి బిళ్లో, మెడలోంచి తీసిన గొలుసో పక్కవాడికి తెలియదు. పేరు రాసుకోరు, రసీదు ఇవ్వరు. ఆ భక్తుడు ఏదో తప్పు దాస్తున్నాడని ఎవరైనా అంటారా? ఆ తెర స్వామికి అడ్డం కాదు, పక్కవాడి లెక్కకు అడ్డం. ఒకరి మెప్పు కోసమో, ఒకరి చిన్నచూపుకు జంకో ఇచ్చింది కానుక కాకుండా పోతుంది కాబట్టే ఆ చాటు. ముండకోపనిషత్తు చెప్పే రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, రెండోది ఊరికే చూస్తుంది. దేవుడు సాక్షి అంటే ఆ రెండో పక్షి లాంటివాడని: చూస్తాడు, కానీ చూసినదాన్నుంచి ఏమీ ఆశించడు. మన వివరాలు పోగేసే కంపెనీ గానీ, ప్రభుత్వ శాఖ గానీ, దొంగ గానీ అలా చూడరు. వాళ్లకు కావలసింది మన డబ్బో, ఓటో, విధేయతో. అందుకని దేవుడి చూపును వీళ్ల చూపుతో కలిపి మాట్లాడటం భక్తికే అన్యాయం. అన్నట్టు, తప్పు చేయనివాడికి దాపరికం అక్కర్లేదన్న మాట షార్‌కు వర్తించదు కదా. అక్కడ జరిగేది తప్పు పని కాదు. మన గుట్టు తెలిసినవాడికి మన మీద పట్టు దొరుకుతుందనే అంత కాపలా. దేశానికి ఒప్పుకున్న ఈ న్యాయాన్ని మనిషికి కాదనలేం.

మోసం ఆపాలంటే చూడక తప్పదనే వాదనలో నిజముంది. గదులు, అదనపు లడ్డూల దగ్గర దళారుల బెడద ఉండబట్టే తిరుమలలో 2023 మార్చి నుంచి ముఖ గుర్తింపు తెచ్చారు. దాన్ని తప్పు పట్టను. అయితే పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖం పోతే మార్చుకోలేం. ఫొటోతో, గొంతు ముక్కతో నకిలీ మనిషిని తయారు చేసే కృత్రిమ మేధ ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉంది. ఈరోజు తాళం వేసి ఉన్న సమాచారాన్ని అలాగే ఎత్తుకుపోయి, రేపటి క్వాంటమ్ కంప్యూటర్లతో విప్పుకుందామని కాచుకునే దొంగలున్నారన్నది నిపుణుల భయం. ఆ భయంతోనే అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఆ కంప్యూటర్లకు లొంగకుండా సమాచారానికి తాళం వేసే కొత్త సంకేత పద్ధతులు ప్రకటించింది. కాబట్టి చూడటం కంటే, చూసినదాన్ని నిల్వ ఉంచుకోవడమే ఎక్కువ ప్రమాదం. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. పని తీరాక వివరాలు చెరిపేయాలని 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం అంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు గడువు పద్దెనిమిది నెలలు. అదే చట్టం తన శాఖలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కేంద్రానికి ఉంచింది. అది సరి కాదు. దేవస్థానాలు మాత్రం ఆ గడువు దాకా ఆగనక్కర్లేదు. దళారి మళ్లీ మళ్లీ వస్తున్నాడేమో చూడటానికి ముఖాన్ని కొన్నాళ్లు ఉంచుకోవలసి వస్తే, ఎన్నాళ్లో కౌంటరు దగ్గర తెలుగులో, తమిళంలో రాసిపెట్టి, ఆ రోజు రాగానే చెరిపేయాలి.